కుంపట్ల కొలువు

పూర్వమెప్పుడో కొండవాగు అనే రాజ్యాన్ని జగజ్జెట్టి భూపతి ఏలుతుండేవాడు. ఆయన ఊరూరా సున్నపు బట్టీలు, ఇనుము కరిగించే కొలుములు పెట్టించి, అడవులు నరికించి వాటిలో మండించాడు. ఆకాశానికి లేచే ఆ పొగే తన కీర్తి అని మురిసిపోయేవాడు.

కొన్నేళ్లకు ఎండలు ముదిరాయి. వానలు వేళ తప్పాయి. ఒక వేసవిలో వడగాడ్పులకు చాలామంది పోయారు. ఆస్థాన విదూషకుడు కూచన చిన్న కూతురు ముమ్మక్క కూడా పోయింది. సభను నవ్వించడమే అతని కొలువు. దినాలు ముగిశాక మళ్లీ వచ్చి నవ్వించాడు. ఇంటికి వెళితే మాత్రం అతనికీ, భార్యకూ అన్నం సయించేది కాదు.

అతను ఊరూరా తిరిగి, ఎండలు ముదిరింది ఈ పొగవల్లేనని చెప్పి, బట్టీలు తగ్గించమని పురపెద్దలను బతిమాలాడు. తమ ఊరి పొగ ఎంతని, ముందు పక్క ఊరివాళ్లను ఆపమని అందరూ ఒకటే మాట చెప్పారు. రాజుకు విన్నవిస్తే, ఆకాశాన్ని కాచగల పొయ్యి ఎక్కడుందో చూపించమని ఎగతాళి చేశాడు.

చలికాలంలో పురపెద్దలంతా రాజధానిలో కొలువు తీరారు. ఏర్పాట్లు చూసింది కూచనే. చలి కదా అని ఒక్కొక్కరి ముందూ ఒక కుంపటి పెట్టించాడు. సింహాసనం ముందు మాత్రం అన్నిటికన్నా పెద్దది పెట్టించాడు. తలుపులు, కిటికీలు మూయించాడు.

మొదట అందరికీ హాయిగానే ఉంది. కాసేపటికి గదంతా పొగ కమ్మింది. వేడి పోయే దారి లేక చెమటలు కారాయి. ఇదంతా ఎవరి కుంపటి వల్లనని రాజు దగ్గుతూ గద్దించాడు. తనది చాలా చిన్నదని ప్రతివాడూ విన్నవించుకున్నాడు. ఆర్పమంటే, పక్కవాడు ఆర్పాక ఆర్పుదామని చూస్తూ కూర్చున్నారు.

ఇక ఓర్చుకోలేక రాజు, "కూచనా, తలుపులు తెరిపించు" అన్నాడు.

"ఈ గదికి తలుపులున్నాయి, తెరిపిస్తాను ప్రభూ. ఆకాశానికి ఎక్కడున్నాయో కూడా సెలవియ్యండి."

రాజు చెంబు అందుకుని తన కుంపటి మీద నీళ్లు కుమ్మరించాడు. అది చూసి ఒకరి తరవాత ఒకరు అందరూ ఆర్పేశారు.

తలుపులు తెరిచాక రాజు కళ్లు తుడుచుకుంటూ, "నా పొగతో నన్నే ఏడిపించావు కదయ్యా" అని నవ్వేశాడు. ముందు కోట బట్టీలు, ఆ వెనుక ఊళ్ల బట్టీలు తగ్గించాలని ఆజ్ఞాపించి, మెడలో ముత్యాల హారం తీసి ఇవ్వబోయాడు.

కూచన చేతులు జోడించి, హారం వద్దని, తనను కొలువు నుంచి విడిపించమని కోరాడు. కారణం అడిగితే ముమ్మక్క సంగతి చెప్పాడు. రాజు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అన్నాళ్లూ మమ్మల్ని ఎలా నవ్వించావయ్యా?"

"నా కొలువు అది, ప్రభూ."

రాజు అతన్ని విడిపించి, తన ఆజ్ఞ ఊరూరా అమలు జరిపించే అధికారం ఇచ్చాడు. బట్టీలు ఒక్కొక్కటే ఆరాయి. అయినా మరుసటి ఏడు ఎండలు తగ్గలేదు, ఆపై ఏడూ తగ్గలేదు. ఇంకెప్పుడు చల్లబడుతుందని జనం అడిగితే, "మనం చూడమేమో" అనేవాడు కూచన. అలా అంటూనే పైపంచె నడుముకు బిగించి, పడగొట్టిన బట్టీ ఇటుకలు వాళ్లతోపాటు మోసేవాడు.