కేక వేయని కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన ఒక మద్దిచెట్టు. చెట్టు మీద కొండముచ్చులు. చెట్టు కింద చుక్కల దుప్పులు. పైవాళ్లు తిని రాల్చిన ఆకులు కిందివాళ్లు తినేవారు. పైవాళ్లకు చిరుతపులి కనబడితే కేక వేసేవారు. కిందివాళ్లకు చిరుత వాసన తగిలితే కాలు నేలకేసి కొట్టేవారు. ఎప్పటినుంచో అంతే. ఎవరూ మాట అనుకుని మొదలుపెట్టింది కాదు.

ఒక వానాకాలం కొండముచ్చులు పొద్దుపోక ఒక ఆట మొదలుపెట్టారు. మందలోంచి తలా మూడు దుప్పులను నావీ అని కోరుకోవాలి. సాయంత్రం మంద వాగు దూకేటప్పుడు ఎవరి దుప్పి ముందు దూకితే ఆ రోజు గెలుపు వాళ్లది. ఏడాదంతా ఎక్కువసార్లు గెలిచినవాళ్లకు చిటారున ఉన్న చిగుళ్ల కొమ్మ.

మొదటి ఏడు సూరన్న గెలిచాడు. ఏడు మారగానే తగువు వచ్చింది.

"నా దుప్పులు నావే. ఎవరికీ ఇవ్వను" అన్నాడు సూరన్న.

"అవి నీవని వాటికి తెలుసా, మరిదీ?" అంది చంద్రి. అందరూ నవ్వారు.

చంద్రికి ఒక కూతురు, చిట్టెం. పాలు మానే వయసు. ముదురాకు మింగుడుపడక ఉమ్మేసేది. చంద్రి కళ్లెప్పుడూ ఆ చిగుళ్ల మీదే ఉండేవి.

జోగి తాత అందరినీ కూర్చోబెట్టాడు. కట్టుబాట్లు పెట్టుకున్నారు. పాత దుప్పుల్లో రెండింటిని ఉంచుకోవచ్చు, మూడోదాన్ని వదలాలి. ఏడు నడుమ మందలోకి వచ్చిన దుప్పి ఎవరిదీ కాదు, మరుసటి ఏడు కోరుకోవాలి. ఎవరి దుప్పి చస్తే వాళ్ల లెక్కలోంచి ఐదు గెలుపులు తీసెయ్యాలి. ఆఖరి కట్టుబాటు చంద్రి చెప్పింది.

"ఆఖరున నిలిచినవాళ్లకు ముందుగా కోరుకునే వంతు ఇవ్వాలి. లేకపోతే ఓడినవాళ్లు ఓడుతూనే ఉంటారు."

న్యాయంగానే ఉందన్నారు అందరూ.

"మరి కేక సంగతి?" అని అడిగాడు తాత.

"కేక ఆటలోది కాదు కదా తాతా. అది ఎలాగూ వేస్తాం" అన్నాడు సూరన్న.

ఆ ఏడు ఒక కొమ్ముల దుప్పి కొత్తగా మందలో చేరింది. వాగును గాలిలా దాటేది. చంద్రి దాన్ని చూసి గుటకలు మింగింది. తన మూడింటిలో ఒకటి కుంటిది. అయినా ఆఖరున ఉన్నది తను కాదు, తనకన్నా ఒకడు వెనక ఉన్నాడు.

ఏడు ముగియవచ్చింది. ఆ మధ్యాహ్నం కాపలా వంతు చంద్రిది. గాలి లేదు. అయినా గడ్డి కదిలింది. గడ్డిలో చిరుత. దానికెదురుగా కుంటి దుప్పి తలొంచుకుని మేస్తోంది.

కేక గొంతు దాకా వచ్చింది. చంద్రి చిట్టెం వైపు చూసింది. చిగుళ్ల వైపు చూసింది. నోరు మూసుకుంది.

అంతా అయిపోయాక, "ఎండ కళ్లలో పడింది, కనబడలేదు" అంది.

"పోనీలే వదినా" అని అందరూ ఓదార్చారు. ఐదు గెలుపులు తగ్గి ఆమె ఆఖరున నిలిచింది. ముందుగా కోరుకుంది. కొమ్ముల దుప్పి ఆమెదైంది. మరుసటి ఏడు చిగుళ్ల కొమ్మా ఆమెదైంది. చిట్టెం కడుపునిండా తిన్నది.

ఆ మీదటి ఏడు సూరన్న కాపలాలో ఒక ముసలి దుప్పి పోయింది. అది అతనిదే.

"ఎండ కళ్లలో పడింది" అన్నాడు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. చంద్రి గమనించింది. ఏ ముఖంతో అడుగుతుంది? తరువాత ఇంకొకడి కాపలాలో పిల్లదుప్పి పోయింది.

మర్నాడు ఆ పిల్లదుప్పి తల్లి చెట్టు కిందికి వచ్చింది.

"చంద్రక్కా, పైనుంచి కేక రావడం లేదు. మీకు కళ్లు ఆనడం లేదో, మాతో మీకు అక్కర తీరిందో, నాకు తెలియదు. మేం కొండ మీదికి పోతున్నాం."

"ఉండవే. మాట్లాడుకుందాం."

"నా బిడ్డ లేడు. ఏం మాట్లాడుకుంటాం?"

మంద వెళ్లిపోయింది.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండి ఒక్క మడుగు మిగిలింది. కొండముచ్చులు నీళ్లకు నేల మీదికి దిగాల్సి వచ్చింది. పైనుంచి చంద్రి చూసింది. గడ్డి కదలలేదు. చిట్టెం దిగింది. చిరుత గడ్డిలో లేదు, గట్టు కింద బురదలో పడుకుని ఉంది. పైనున్న కంటికి అది ఆనదు. వాసన పట్టి కాలు కొట్టడానికి కింద ఎవరూ లేరు.

చిరుత దూకగానే చంద్రి కేక వేసింది. అప్పటికే మడుగు దగ్గర చిట్టెం లేదు.

చాలాసేపటికి సూరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆట ఆపేద్దాం వదినా" అన్నాడు.

చంద్రి చూపు గడ్డి మీదే ఉంది.

ఇప్పుడు ఆమె గడ్డి కదిలితే చాలు, కేక వేస్తుంది. గాలికి కదిలినా వేస్తుంది. కొండ మీద దుప్పులు ఒకసారి తలెత్తి చూస్తాయి. మళ్లీ మేతలో పడతాయి.

నీతి: పిల్లలూ, పక్కవాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోరు విప్పడం ఏ ఆట కట్టుబాటుకూ లోబడదు. మన లాభం చూసుకుని అప్పుడు ఊరుకుంటే, మన వంతు వచ్చినప్పుడు హెచ్చరించేవాళ్లు ఉండరు.