ఏటిలో కొమ్మలు పాతిన పెంచలయ్య

ఇది ఎప్పటి మాటో నన్నడక్కండి. మా అవ్వనడిగితే వాళ్ళ అవ్వనడగమంది. మీరు ఊఁ కొడుతున్నంతసేపూ చెబుతా, మానేస్తే నేనూ మానేస్తా.

ఒక ఏరు. ఏటికి ఈవల ఒక ఊరు. ఆ ఊళ్ళో వెంగమ్మ అని ఒకావిడ ఉండేది. ఇంటింటికీ వడ్లు దంచి, వాళ్ళిచ్చిన నూకలతో ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. వాడి పేరు పెంచలయ్య. మంచివాడు, ఒళ్ళు వంచి పనిచేసేవాడు. తల్లి దగ్గరా, దొడ్లో దూడ దగ్గరా గలగలా మాట్లాడేవాడు. ఇంకో మనిషి తనవైపు చూస్తే మాత్రం వాడి పని అయిపోయేది. అరచేతులు చెమర్చేవి. గొంతు పూడుకుపోయేది. కాళ్ళు ఇంటిదారి పట్టేవి.

పొగరన్నారు కొందరు. సోమరితనం అన్నారు ఇంకొందరు. గాలి సోకిందన్నారు మిగిలినవాళ్ళు. అందరిదీ తప్పే. అది భయం. కొందరికి పామంటే భయం, వాడికి చూపులంటే భయం. పాముని చూసి పరిగెత్తేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, వాణ్ణి మాత్రం ఊరంతా అనేది. నాకిప్పటికీ ఆ ఊరి మీద కోపమే.

ఏళ్ళు గడిచాయి. వెంగమ్మకు సత్తువ తగ్గింది. రోకలి ఎత్తితే భుజం పట్టేసేది. ఒకరోజు కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అబ్బయ్యా, ఇంకెన్నాళ్ళు దంచగలనో నాకే తెలీదు. నేను పోతే నీకు ముద్దెవురు పెడతారు? ఏదో ఒక పని చూసుకో నాయనా. నీ కష్టంతో నువ్వు తినేది చూస్తే చాలు నాకు."

"చూసుకుంటాలేమ్మా" అన్నాడు పెంచలయ్య.

మొదట గాజుల మలారం భుజాన వేసుకుని పక్కూరు పోయాడు. గాజులమ్మేవాడు గాజులో అని కేకెయ్యాలి కదా? వీడు పిల్లిలా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. చివరింటి ఆడవాళ్ళు ఎట్లాగో చూసి పిలిచారు. ఆరుగురు చుట్టూ కూర్చుని పన్నెండు చేతులు చాపారు. ఒకావిడ మొహంలోకి చూసి, "యెవురి బిడ్డవయ్యా నువ్వు?" అనింది. అంతే. అరచేతులు చెమర్చాయి. గొంతు పూడుకుపోయింది. కాళ్ళు ఇంటిదారి పట్టాయి. మలారం అక్కడే ఉండిపోయింది. పాపం, వాళ్ళే వెతుక్కుంటూ వచ్చి ఇచ్చిపోయారు.

రెండోసారి చాటింపు వేసే పనికి కుదిరాడు. రేపు కాలవకు నీళ్ళు వదులుతున్నారు, పల్లపు చేలల్లో కుప్పలు ఉన్నవాళ్ళు ఎత్తుకోండి అని చెప్పాలి. పెంచలయ్య తప్పెట కొట్టాడు. ఎంత బాగా కొట్టాడంటే ఊళ్ళో జనమంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. "ఏంది సంగతి, చెప్పు" అన్నారు. ఏం చెబుతాడు? అరచేతులు చెమర్చాయి. గొంతు పూడుకుపోయింది. కాళ్ళు ఇంటిదారి పట్టాయి. వాయించడానికే వచ్చాడనుకుని జనం మెచ్చుకుంటూ ఇళ్ళకు పోయారు. మర్నాడు కుప్పలన్నీ తడిశాయి.

మూడోసారి పెళ్ళివారింట్లో వడ్డనకు పోయాడు. వడ్డించేవాడు మాట్లాడక్కర్లేదు కదా అనుకున్నాడు పిచ్చినాయన. బంతిలో వందమంది. వంద జతల కళ్ళు వాడి చేతిలోని గిన్నె మీదే. ఇక్కడెయ్యి, అక్కడెయ్యి, ఇంకాస్తెయ్యి అంటున్నారు. అరచేతులు చెమర్చాయి. గొంతు పూడుకుపోయింది. కాళ్ళు ఇంటిదారి పట్టాయి. పోయేముందు మగపెళ్ళివారి పెదనాన్న పాయసంలో పప్పుచారు పోసి మరీ పోయాడు. నవ్వకండి. వాడు ఆ రోజు ఏడ్చాడు.

తల్లి మొహం చూడలేక ఏటి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. అది మొదలు రోజూ అక్కడే. ఏరు ఏమీ అడగదు. ఎవరి బిడ్డవు అనదు.

ఆ ఏటికి ఒక చెడ్డగుణం ఉండేది. పైన వాన కురిసినప్పుడల్లా అడుగున ఇసక కదిలేది. నిన్న గట్టిగా ఉన్నచోట ఇవాళ ఊబి. సంతేమో ఆవలి ఒడ్డున. సంతకు పోయేవాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకుని దిగేవాళ్ళు. ఏటా ఒక గొడ్డు ప్రాణమో ఒక మనిషి ప్రాణమో ఆ ఊబిలో పోయేది.

రోజూ చూడగా చూడగా పెంచలయ్యకు ఏటి సంగతి తెలిసింది. నీళ్ళు ఎక్కడ సుడి తిరుగుతున్నాయో, ఎక్కడ ముడతలు పడుతున్నాయో చూసి అడుగున ఏముందో చెప్పగలిగేవాడు. ఒక సంతరోజు తెల్లవారుతుండగానే గడకర్ర పట్టుకుని ఏట్లో దిగాడు. అడుగడుగునా పొడిచి చూశాడు. గట్టి నేల ఉన్నంతమేరా అటూ ఇటూ వావిలి కొమ్మలు పాతాడు. ఆవలి ఒడ్డుదాకా దారి పడింది. జనం రాకముందే వచ్చి ఇంట్లో పడుకున్నాడు.

జనం వచ్చారు. కొమ్మల నడుమ దిగి నడిచారు. ఎవరి కాలూ కూరుకుపోలేదు. గంగమ్మ తల్లే దారి వేసిందన్నారు. మర్నాడూ కొమ్మలున్నాయి. ఆ మర్నాడు ఇసక కదిలితే కొమ్మలూ గట్టి నేల ఉన్నచోటికి జరిగాయి.

ఊరికి పెద్దకాపు మస్తానయ్య. ఒక పొద్దున ఎద్దుల్ని కడగడానికి వచ్చి, నడుంలోతు నీళ్ళలో కొమ్మ పాతుతున్న పెంచలయ్యను చూశాడు. నేరుగా వెంగమ్మ ఇంటికి వచ్చాడు.

"వెంగమ్మక్కా, నీ బిడ్డ పనికిమాలినోడని నేను కూడా అనుకున్న్యా. తప్పు నాదే. ఇంక ప్రతి కళ్ళంలో వాడికి మేర గింజలు కొలవమని చెబుతా. మంగలికీ చాకలికీ ఇచ్చినట్టే."

వెంగమ్మ ఆ పూట కడుపునిండా తినింది. అక్కడితో అయిపోతే బాగుండు. కానీ ఆ ఊరికి ఒక వాడుక ఉంది. మేలు చేసినవాణ్ణి బండెక్కించి, మేళతాళాలతో ఊరేగించి, రచ్చబండ మీద నిలబెట్టి నాలుగు మాటలు చెప్పించేవాళ్ళు. అంతకంటే గొప్ప మర్యాద వాళ్ళకు తెలీదు. పెంచలయ్యనూ అట్లాగే పట్టుకొచ్చారు. మెడలో దండ వేశారు. రచ్చబండ ఎక్కించారు. ఊరంతా వాడినే చూస్తూ, "మాట్టాడు పెంచలయ్యా" అంది.

అరచేతులు చెమర్చాయి. గొంతు పూడుకుపోయింది. కాళ్ళు ఈసారి ఇంటిదారి కూడా పట్టలేదు. దండతో సహా ఏటి ఒడ్డు రెల్లుపొదల్లోకి పరిగెత్తాడు.

ఒకరోజు రాలేదు. రెండోరోజు రాలేదు. వెంగమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. దొరక్క దొరక్క దొరికిన పని, మర్యాద పేరు చెప్పి ఊడగొట్టారే అని. ఆ రాత్రి పైన వాన పడింది. మూడోరోజు సంత. ఏట్లో కొమ్మ లేదు. జనం ఒడ్డున నిలబడిపోయారు.

"ఈ యేరు నాకు తెలవందా" అని మస్తానయ్య ముందు దిగాడు. పది అడుగులేశాడు. మోకాలిదాకా దిగబడ్డాడు. కాలు లాక్కోబోతే నడుందాకా పోయాడు. ఒడ్డున అందరూ కేకలు, ఏడుపులు.

అప్పుడు రెల్లుపొదల్లోంచి ఒక గొంతు వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు.

"కదలబాకు మావా. కాళ్ళు లాగబాకు. వెనక్కి వాలి నీళ్ళ మీద పడుకో."

అందరి చూపులూ మస్తానయ్య మీదే ఉన్నాయి. పెంచలయ్య మీద ఒక్క కన్నూ లేదు. అందుకే గొంతు వచ్చింది. గడకర్రతో పొడుచుకుంటూ వెళ్ళి, కర్ర అందించి, మెల్లమెల్లగా లాగాడు. మస్తానయ్య బురదముద్దలా ఒడ్డున పడ్డాడు.

ఊపిరి తిరిగాక చూస్తే జనమంతా పెంచలయ్య చుట్టూ మూగుతున్నారు. వాడి నుదురు తడుస్తోంది, కాళ్ళు పొదలవైపు తిరుగుతున్నాయి. మస్తానయ్యకు అప్పుడు అర్థమైంది. అయ్యేసరికి నడుందాకా దిగబడాల్సి వచ్చింది, ఏం చేస్తాం.

"అందురూ అటు తిరగండి" అన్నాడు.

"యెటు మావా?"

"ఊరివైపు తిరగండి. యెనక్కి చూసినోడికి నాతో మాటల్లేవు."

పిల్లా పెద్దా అందరూ తిరిగారు. మస్తానయ్య కూడా వీపు తిప్పి నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పు నాయనా. నీకేం గావాల?"

 వాళ్ళ వీపుల వెనకనుంచి పెంచలయ్య గొంతు వినబడింది.

"నాకు ఈ పని గావాల. కొమ్మలు దినామూ పాతుతా. దండలొద్దు. పిలవబాకండి. మేర గింజలు గట్టు మీద పెట్టిపోండి."

"అంతేనా?"

"అంతే. మాయమ్మను ఇంక దంచనీబాకండి."

అంత పొడుగు మాట వాడు బయటివాళ్ళతో అనడం అదే మొదలు. వెంగమ్మ కూడా ఆ జనంలోనే ఉంది. వెనక్కి చూడొద్దన్నారు కాబట్టి చూడలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గుండెల మీద బరువు దిగిపోయింది ఆ తల్లికి. ఆ సాయంత్రమే రోకలి అటక మీద పెట్టేసింది.

పెంచలయ్యకు భయం పోయిందా అంటారేమో. పోలేదు. ముసలివాడయ్యేదాకా వాడు జనం రాకముందే ఏట్లో దిగేవాడు, వచ్చేలోపు వెళ్ళిపోయేవాడు. మనిషి కనబడకపోయినా పని కనబడేది. వాడు బతికున్నంతకాలం ఆ ఏట్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

వాడు పోయాక ఊరు కొమ్మలు పాతడం నేర్చుకుంది. ఇప్పటికీ కొత్తనీరు వచ్చి తగ్గాక మొదట దిగేవాడు వావిలి కొమ్మ పాతుతాడు, ఒడ్డునున్నవాళ్ళు కాసేపు ఏటికి వీపు తిప్పి నిలబడతారు. ఆ పక్క ఊళ్ళలో బెరుకు మనిషి పనికోసం వస్తే, ఇంటివాళ్ళు చేట చేతిలోకి తీసుకుని, చెరుగుతున్నట్టు అటు తిరిగి, "ఇప్పుడు చెప్పు నాయనా" అంటారు.

నన్నూ అట్లాగే అడిగారు ఒకప్పుడు. నాకు వచ్చిన పని ఒక్కటే, కథలు చెప్పడం, అన్నాను. అందుకే మీ అందరి ఒళ్ళోనూ వేరుశనక్కాయలు పోసి ఒలవమంటా. మీ కళ్ళు కాయల మీదుంటేనే నాకు నోరు పెగులుతుంది. ఒలిచినవి ఇటివ్వండి, ఇంకో చేటెడు తెస్తా.