గాజు అవతలి చేప

గాజువనం అని ఒక అడవి ఉండేది. పొడవు రెండడుగులు, ఎత్తు ఒక అడుగు. అందులో మూడు చెట్లు, వాటిలో ఒకటి ప్లాస్టిక్‌ది. ఆ అడవి తన్మయి వాళ్ల ముందుగదిలో టీవీ పక్కన బల్ల మీద ఉండేది. అందులో బంగారు చేప ఒకటి, నల్ల మోలీ చేప ఒకటి, గప్పీ చేప ఒకటి, నత్త ఒకటి, ఒంటి నిండా నీలం గీతలున్న చిన్న చేప ఒకటి కాపురం ఉండేవి.

అన్నీ ఒక్కొక్కటే ఎందుకంటారా? తన్మయికి పదేళ్లు. చేపలు పెంచడం అదే మొదటిసారి. దుకాణంలో ఏ రంగు చూసినా ముద్దొచ్చింది, ఏదీ వదులుకోబుద్ధి కాలేదు. "ఒక్కో రకంలో ఒక్కోటి ఇవ్వండి" అంది. దుకాణదారు మస్తాన్ గారు వలతో ఒక్కోటి పట్టి, నీళ్ల కవర్లలో వేసి ఇచ్చారు.

నీలం గీతల చేప పేరు నీలిగీత. దుకాణంలో అది నలభై మంది అక్కచెల్లెళ్ల మధ్య పెరిగింది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒకటే సణుగుడు. "అటు తిరిగితే ఒకరు తగులుతారు, ఇటు తిరిగితే ఇంకొకరు. నాకంటూ కాస్త చోటు లేదు" అనేది. వల వచ్చినప్పుడు మిగతావన్నీ మూలకు పారిపోతే, ఇది మాత్రం దర్జాగా ఎదురెళ్లింది. అలా గాజువనం చేరింది.

మొదటిరోజు హాయిగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఈదింది. ఎవరూ తగల్లేదు. రెండోరోజూ ఎవరూ తగల్లేదు. మూడోరోజు ప్లాస్టిక్ మొక్క వెనక నక్కి కూర్చుంది. ఎప్పుడూ పక్కన కదులుతుండే చిన్న తోకలు గుర్తొచ్చాయి. ఎవరైనా వచ్చి ఒక్కసారి తగిలితే బాగుండును అనిపించింది. ఏడుపొచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికి కనిపిస్తుంది?

తోడు కోసం మోలీ దగ్గరకు వెళ్తే, అది నాచు గీకే పనిలో ఉండి తల కూడా తిప్పలేదు. గప్పీ తన తోక తాను చూసుకుని మురిసిపోతోంది. ఇక బంగారు చేప సంగతి చెప్పనక్కర్లేదు.

"తోడు కావాలా నీకు?" అని నవ్వింది బంగారు చేప. "నన్ను చూడు. ఈ వనమంతటికీ నేనొక్కదాన్నే. గుంపులో ఈదేవాళ్లంతా పిరికివాళ్లు."

ఆ సాయంత్రం తన్మయి తొట్టి మీది లైటు వెయ్యగానే, గాజు అవతల ఒక చేప కనిపించింది. అవే నీలం గీతలు, అదే చిన్న తోక. నీలిగీత గుండె ఝల్లుమంది. ఇది అటు వెళ్తే అదీ అటు వెళ్లింది. ఇటు తిరిగితే అదీ ఇటు తిరిగింది. ఇక నీలిగీత ఆ గాజును వదల్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని పక్కనే పైకీ కిందికీ ఈదుతూ ఉండిపోయింది.

"అమ్మా, ఎంత హుషారుగా డాన్స్ చేస్తోందో చూడు" అని తన్మయి సంబరపడింది.

గుంపు చేపలకు ఒక పద్ధతి ఉంది. ఏదీ ఒంటరిగా మేతకు పోదు. పక్కచేప కదిలితేనే తానూ కదులుతుంది. తన్మయి మేత చల్లగానే నీలిగీత గాజు వైపు చూసింది. "ముందు నువ్వు పద అక్కా, నేను నీ వెనకే వస్తాను" అంది. అవతలి చేప కదల్లేదు. ఇదీ కదల్లేదు. దాని కోసం ఇది, దీని కోసం అది ఆగుతుండగానే బంగారు చేప వచ్చి నీలిగీత వాటా కూడా ఊడ్చేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి నీలిగీత పొట్ట వీపుకు అంటుకుపోయింది. నీలం గీతలు వెలిసిపోయాయి.

గాజు మీద పాకుతూ వచ్చిన నత్త ఇదంతా చూసింది.

"అమ్మాయీ, అది నీ నీడే. అవతల ఎవరూ లేరు" అంది. "వెళ్లి నాలుగు గింజలు తిను. ఇలాగే ఉంటే చచ్చిపోతావు."

"తెలుసు పెద్దమ్మా" అంది నీలిగీత. "నా తోక మీదున్న గాటు దాని తోక మీదా ఉంది. మొన్ననే చూశాను. కానీ నేను ఇక్కణ్ణుంచి వెళ్తే అదీ వెళ్లిపోతుంది. నాకు ఇంకెవరున్నారు?"

నత్త ఒంటరిగా పాకడానికి అలవాటు పడ్డ ప్రాణి. ఈ బాధ దానికి పూర్తిగా అర్థం కాదు. అయినా ఆ పూటంతా కదలకుండా నీలిగీత పక్కనే గాజుకు అతుక్కుని ఉండిపోయింది.

ఇటు బంగారు చేప, తన వాటాతో పాటు ఇంకొకరి వాటా కూడా మింగి మింగి, పొట్ట ఉబ్బించుకుంది. ఒక ఉదయం పక్కకు ఒరిగిపోయి పైన తేలింది. తన్మయి హడలిపోయి దాన్ని కవర్లో వేసుకుని దుకాణానికి పరిగెత్తింది.

"తిండి ఎక్కువైందమ్మా" అన్నారు మస్తాన్ గారు. "అసలు నీ తొట్టి దీనికి చాలదు. నా దగ్గర వదిలెయ్. పెద్ద తొట్టిలో వేసి నాలుగు రోజులు పస్తు పెడితే కోలుకుంటుంది. మిగతావి బాగున్నాయా?"

"బాగున్నాయండి. నీలం గీతలది రోజంతా గాజు పక్కన డాన్స్ చేస్తుంది. మేత మాత్రం ముట్టట్లేదు."

మస్తాన్ గారి మొహం వాడిపోయింది. "అది డాన్స్ కాదు తల్లీ. తనవాళ్లను వెతుక్కుంటోంది. ఆ రకం చేపలు కనీసం ఆరైనా కలిసి ఉండాలి. ఆ రోజే చెప్పాల్సింది. బేరం హడావుడిలో ఊరుకున్నాను. తప్పు నాది."

తన్మయి ముక్కు ఎగబీలుస్తూ దుకాణంలోని తొట్టి ముందు నిలబడి, ఐదు నీలం గీతల చేపలను పట్టించి తీసుకుంది.

ఇంటికొచ్చి కొన్ని నీళ్లు మార్చి, మస్తాన్ గారు చెప్పినట్టే కొత్త చేపల కవరును కాసేపు నీళ్ల మీద తేలనిచ్చింది. నీలిగీత తలెత్తి చూసింది. పైన నీలం గీతలు మెరిశాయి. ఇవీ నీడలే అనుకుని మళ్లీ గాజు వైపు తిరిగిపోయింది.

తన్మయి కవరు మూతి విప్పింది. కాసేపటికి ఎవరో వచ్చి నీలిగీత డొక్కలో తగిలారు.

"కాస్త జరుగు, చోటివ్వు" అంది వచ్చిన చేప విసుగ్గా.

నీలిగీత జరగలేదు. "ఇంకోసారి తగులు" అంది.

అంతలో మేత పడింది. ఐదు చేపలు కదిలాయి. వాటి పక్కనే నీలిగీత కూడా కదిలింది. వారం రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తింది.

బంగారు చేప కూడా కోలుకుంది. కాకపోతే మస్తాన్ గారి పెద్ద తొట్టిలో దానికంటే పెద్దవి పాతిక ఉన్నాయి. అక్కడ మేత దగ్గరకు ఎప్పుడూ ఆఖరున చేరేది అదే.

కొత్త చేపలు వచ్చిన ఆ సాయంత్రం గాజువనంలో లైటు వెలగగానే నీలిగీత మళ్లీ గాజు దగ్గరకు వెళ్లింది. మిగతా ఐదూ తోసుకుంటూ వెనకే వచ్చాయి.

"మళ్లీ ఇక్కడికెందుకు వచ్చావే?" అంది నత్త.

నీలిగీత గాజు అవతలికి చూసింది. అక్కడ ఆరు చేపలున్నాయి.

"చూసిపోదామని వచ్చాను పెద్దమ్మా" అంది. "దానికీ తోడు దొరికింది."

నీతి: మనవాళ్లు పక్కనున్నప్పుడు ఇరుకనిపిస్తుంది, లేనప్పుడు ఆ ఇరుకే కావాలనిపిస్తుంది. గుంపుతో బతికే ప్రాణిని ఇంటికి తెచ్చుకునేవారు దాని తోడును కూడా తెచ్చుకోవాలి.