పదకొండు గిటార్లు, ఒక నాబ్

భార్గవ్ దగ్గర పదకొండు బేస్ గిటార్లున్నాయి. అయినా అతన్ని ఆర్కెస్ట్రాలోంచి తీసేసే పరిస్థితి వచ్చింది. "అయినా" అని మనం అంటాం గాని, ఆర్కెస్ట్రా నడిపే కోటిలింగం మాత్రం "అందుకే" అన్నాడు.

బేస్ గిటార్ అంటే నాలుగు లావుపాటి తీగల వాయిద్యం. పాటకి అడుగున దుం దుం అంటూ నడుస్తుంది. పెళ్ళి రిసెప్షన్లో జనం గాయకుణ్ణి చూస్తారు, డ్రమ్ములు వాయించేవాణ్ణి చూస్తారు. బేస్ వాయించేవాణ్ణి మాత్రం మైకు సెట్టు తాలూకు మనిషి అనుకుంటారు. భార్గవ్‌కి ఆ బాధ చాలా ఉండేది.

పగలు విశాఖపట్నం ఓడరేవు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రమైతే గిటార్లు. ఐదు తీగలది ఒకటి, మెట్లు లేనిది ఒకటి, పొట్టిది ఒకటి, పనస చెక్కతో చెప్పి చేయించుకున్నది ఒకటి. మిగతా ఏడింటికీ తేడా అతనికే తెలుసు. బీరువాలో చెమ్మ తగలదని భార్య మాధురి చీరలన్నీ సూట్‌కేసుల్లోకి మార్పించి, ఆ చోట రెండు గిటార్లు నిలబెట్టాడు. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ" అని ఆమె ఒక్కసారి అంది. నలభై నిమిషాలు కూర్చోబెట్టి వివరించాడు. ఆమె మళ్ళీ అనలేదు.

గిటార్లు చాలక పెడల్స్ మొదలుపెట్టాడు. కాలితో నొక్కితే శబ్దం తీరు మార్చేసే చిన్న చిన్న డబ్బాలవి. ఒకటి గర్రుమనిపిస్తుంది, ఒకటి బుడగలు తేలుస్తుంది, ఒకటి అన్నదే మళ్ళీ అంటుంది. అలాంటివి పద్నాలుగు ఒక పలక మీద తనే బిగించాడు. వాటి వైర్లన్నీ పలక కిందికి తోసి కట్టాడు. కరెంటు ఇస్తే దీపాలు వెలిగి, వంగి చూసేవాడికి విమానం నడుపుతున్నట్టుంటుంది. భార్గవ్ ఎప్పుడూ వంగే చూసేవాడు.

మొన్న గాజువాక రిసెప్షన్లో కోటిలింగం ఒక మెత్తని పాట ఎత్తుకున్నాడు. భార్గవ్ రెండో డబ్బా నొక్కబోయి ఐదోది నొక్కాడు. దున్నపోతు రంకె వేసినట్టు హాలంతా అదిరింది. పెళ్ళికూతురి బామ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అతను కంగారుగా ఆ డబ్బాని ఆర్పేసరికి పాట చరణం సగంలో ఉంది. బేస్ ఇంకా పల్లవిలోనే ఉంది.

"భార్గవ్ బాబూ," అన్నాడు కోటిలింగం, సామాను సర్దుకునేటప్పుడు, చాలా మర్యాదగా. "ఆదివారం భీమిలి ప్రోగ్రాముంది. గురువారం రిహార్సల్‌కి రండి. అప్పుడు సరిగ్గా ఉంటే సరే. లేకపోతే మన కీబోర్డు సత్యం ఎడమచెయ్యి ఖాళీగానే ఉంటోంది, ఆ దుం దుం ఏదో అతనే చూసుకుంటాడు."

ఇంటినిండా గిటార్లు పెట్టుకుని వాయించడానికి చోటు లేకుండా పోతుందని తలుచుకుంటేనే భార్గవ్‌కి ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే జ్ఞానాపురంలో ఏబెల్ మాస్టారి ఇంటికి పరుగెత్తాడు.

ఏబెల్ మాస్టారు రైల్వే లోకో షెడ్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళుగా చర్చిలో బేస్ వాయిస్తున్నాడు. ఆయనకి ఉన్నది ఒకటే గిటార్. దాని మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. తీగలు ఎప్పుడు మారుస్తారని అడిగితే "తెగితే" అంటాడు. ఏడేళ్ళ క్రితం భార్గవ్‌కి వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించింది ఆయనే. ఆ తరవాత భార్గవ్ కొత్త గిటార్ కొన్నప్పుడల్లా తెచ్చి చూపించేవాడు. మాస్టారు నాలుగు స్వరాలు వాయించి, "బాగుంది. దీంతో ఏ పాట వాయించేవు?" అని అడిగేవాడు. "ఇంకా లేదు మాస్టారూ, సెట్ చేస్తున్నాను" అనేవాడు భార్గవ్.

మాస్టారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. భార్గవ్ జరిగిందంతా చెప్పాడు.

"అయితే ఇప్పుడేటంటావు?"

"ఏ గిటార్ పట్టుకెళ్ళమంటారు? ఏ పెడల్ పెట్టమంటారు? గర్రుమనేవి, బుడగలవి వద్దనుకున్నాను మాస్టారూ. అన్నీ ఆపేసి కంప్రెసర్ ఒక్కటే ఉంచుతాను."

కంప్రెసరంటే, గట్టిగా మీటినా మెల్లగా మీటినా శబ్దాన్ని ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంచే డబ్బా. అది చేసే పని ఎంత సన్ననిదంటే, చేస్తోందో మానేసిందో చెప్పడం కొన్నవాళ్ళకే కష్టం. అందుకే కాబోలు భార్గవ్ మూడు కొన్నాడు.

"దాని నాబ్ గడియారం ముల్లులా తిరుగుతుంది మాస్టారూ. పది గంటల దగ్గర పెడితే ఒకలా ఉంటుంది, పదకొండు దగ్గర ఇంకోలా ఉంటుంది. చాలా తేడా. ఎక్కడ పెట్టాలో తేలక నిద్ర పట్టడం లేదు."

"నాకు తెలీదయ్యా అది," అన్నాడు మాస్టారు. "పట్టుకురా. గురువారం నేనూ వస్తాను. కనెక్షన్లు నేనిస్తాను. నువ్వు చెయ్యి వణక్కుండా వాయించు, చాలు."

గురువారం సాయంత్రం మర్రిపాలెంలో కోటిలింగం మేడ మీద గదికి చేరారు. భార్గవ్ మూడు గిటార్లు తెచ్చాడు. ఏది తియ్యాలో తేల్చుకోలేక మెట్ల మీదే నిలబడిపోతే, మాస్టారు చేతికి అందిన సంచీ తెరిచి అందులోది ఇచ్చాడు. భార్గవ్ దాన్ని శ్రుతి చేసుకుంటుంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పలక కిందికి తలపెట్టి వైర్లు కలిపాడు. లేచి, కంప్రెసర్ దీపం వెలిగించి, గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

కోటిలింగం అదే పాట ఎత్తుకున్నాడు. కీబోర్డు మీద సత్యం కుడిచెయ్యి వాయిస్తోంది. ఎడమచెయ్యి సిద్ధంగా ఉంది.

పల్లవి అవకుండానే కోటిలింగం ఆపాడు. "బరువుగా ఉంది బాబూ. నా మీద ఎవరో కూర్చున్నట్టుంది."

భార్గవ్ వంగి నాబ్‌ని పదకొండు నుంచి కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి అతను ఒక్కో స్వరం వేసి, అది కోటిలింగం గొంతు కింద ఎలా ఆనుతోందో చెవి ఒగ్గి విన్నాడు.

"నయమే," అన్నాడు కోటిలింగం. "గాని ఇంకా ముందుకి తోస్తోంది."

ఇంకాస్త తిప్పాడు. ఇంకాస్త అంటే వెంట్రుకవాసి. కళ్ళు మూసుకున్నాడు. కోటిలింగం ఊపిరి తీసుకునే చోటు తెలిసింది. అక్కడ స్వరం ఆపి చూశాడు. డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడుతోందో తెలిసింది. దాని పక్కనే తనదీ వేశాడు. బాగుంది, కాని ఇంకొంచెం. వంగి, గోటితో నాబ్‌ని అటు తోశాడు. అప్పుడు కుదిరింది. అతనికి ఒళ్ళు ఝల్లుమంది.

కోటిలింగం పాట మధ్యలో ఆపలేదు. రెండో చరణం అయ్యాక ఎవరూ అడగకుండానే మళ్ళీ పాడాడు. సత్యం ఎడమచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పాట అయిపోయాక కోటిలింగం వచ్చి పలక ముందు చతికిలబడ్డాడు. ఇన్నాళ్ళూ దాన్ని చెప్పుల స్టాండు అని వెక్కిరించిన మనిషి. "ఎక్కడ పెట్టారండీ దీన్ని?"

భార్గవ్ నాబ్ వంక చూశాడు. "పది గంటల ఇరవై నిమిషాలు."

"ఆదివారం కూడా అదే ముహూర్తం. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి." జేబులోంచి రూళ్ళ కాగితం తీసి పది ఇరవై అని రాసుకున్నాడు కూడా. అందరూ టీకి కిందికి దిగారు. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

వెనక ఉండిపోయిన భార్గవ్ నాబ్ కదలకుండా దాని మీద ప్లాస్టర్ అంటించాడు. సర్దుదామని పలక ఎత్తాడు.

గిటార్ నుంచి బయలుదేరిన వైరు పలక కిందికి వచ్చింది. పలక కింద చిన్న ఇనుప గొట్టం లాంటి జాయింటు ఉంది. అందులోంచి ఇంకో వైరు బయలుదేరి తిన్నగా స్పీకరు పెట్టెలోకి పోయింది. జాయింటుకి నల్లటేపు శుభ్రంగా, రైల్వేవాళ్ళు చుట్టినట్టు చుట్టి ఉంది. పద్నాలుగు డబ్బాల్లో ఒక్కదాంట్లోకీ గిటార్ వైరు వెళ్ళలేదు.

భార్గవ్ ఆ వైరుని వేలితో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాడు. మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమాడు.

"మాస్టారూ, ఇది డబ్బాలోకి పోలేదు."

"లేదు."

"మర్చిపోయారా?"

"ముప్పైనాలుగేళ్ళు ఇంజన్లకి కనెక్షన్లిచ్చేనయ్యా. మర్చిపోయుంటే బళ్ళు షెడ్డు దాటేవి కావు."

భార్గవ్ ప్లాస్టర్ పీకి, ఒక చేత్తో తీగ మీటుతూ రెండో చేత్తో నాబ్‌ని ఏడు గంటల నుంచి ఐదు గంటల దాకా గిర్రున తిప్పాడు. దుం అన్నది దుం అనే ఉంది. కంప్రెసర్ దీపం మాత్రం ఎర్రగా, ఎంతో నమ్మకంగా వెలుగుతోంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

కింద నుంచి కోటిలింగం కేక వినబడింది. "భార్గవ్ బాబూ, ఆ పలకని మెట్ల మీద జాగ్రత్తగా దింపండి. కావాలంటే సత్యం పట్టుకుంటాడు."

భార్గవ్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"కాని మాస్టారూ," అన్నాడు, "శబ్దం మారింది. నిజంగా మారింది. నాకు స్పష్టంగా వినబడింది."

మాస్టారు లేచి వచ్చి, నల్లటేపు విప్పి ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు.

"నాకూ వినబడింది," అన్నాడు.