పాత సిస్టమూ, కొత్త సింహాసనమూ

పూర్వం ఒక రాజుగారి లాప్‌టాప్ పాడైపోయింది. కన్నుమూసిన రాణిగారి గొంతు అందులోనే ఉండేది. దాన్ని కొత్త లాప్‌టాప్‌లోకి మార్చినా, అందులో పాత సిస్టమ్ ఎక్కిస్తే తప్ప వినపడదట. యంత్రాల మంత్రి భద్రభూపతి ససేమిరా అన్నాడు.

"కొత్త వస్తువుకి పాతదాన్ని జత చేస్తే రెండూ చెడతాయి ప్రభూ. అందుకే శాసనం రాయించాను, తమరే ముద్ర వేశారు."

ఏడాదిగా ఆ గొంతు వినక రాజు చిక్కిపోయాడు. చివరికి రిపేరు కొట్టు పైడమ్మను సభకు పిలిపించాడు. ఆమె సంగతంతా విని మంత్రివైపు తిరిగింది.

"బాబూ, ఈ సింహాసనం ఎప్పటిది?"

"మొన్న దసరాకే చేయించాను," అన్నాడు మంత్రి గర్వంగా.

"మరి మారాజుగారో?"

"ముప్పై ఏళ్లుగా ఏలుతున్నారు."

"అయితే మారాజుని దిగిపొమ్మంటారా బాబూ?"

రాజు ఆత్రంగా లాప్‌టాప్ ఆమె చేతిలో పెట్టాడు.

సాయంత్రానికల్లా పైడమ్మ పాత సిస్టమ్ ఎక్కించి, సభలోనే మీట నొక్కింది.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది. వస్తారా, రారా?"

"ఇదిగో, వచ్చేస్తున్నా," అంటూ రాజు సింహాసనం దిగి, గబగబా నాలుగడుగులు వేసి, ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాడు.