పడమటి చాప

ముజీబ్ తన పాత గాలిమాటను ఆపేసిన వారానికి, ఒకామె తన ఫోన్‌కి మంత్రం వేయించుకోవడానికి అతని గురువు దగ్గరికి వచ్చింది.

గాలిమాట అంటే ఫోన్‌లో ఒక చిన్న యాప్. పులికాట్ సరస్సు మీద వేటకి పోయేవాళ్లు తెల్లవారుతూనే దాన్ని తాకితే, ఈ పూట గాలి ఎటునుంచి వస్తుందో, పడవ తియ్యొచ్చో లేదో తెలుగులో పలుకుతుంది. ముజీబ్ దాన్ని ఐదేళ్ల కిందట రాశాడు. ఈ ఏడు కొత్తది రాశాడు. గాలి తిరగబోయే సంగతి అది గంట ముందే పసిగడుతుంది. ఒక్కడే మనిషి కావడంతో రెండూ నడపలేక, పాతదాన్ని ఆపేశాడు.

వచ్చినామె పేరు చెంగమ్మ. పీతలు పడుతుంది, చదువు రాదు. సరస్సు ఒడ్డున ఆ గురువు, నూరుల్లా పీర్ సాహెబ్, కూర్చునే పాక ముందు నిలబడి, కొంగున కట్టిన ఫోన్ విప్పి రెండు చేతులతో అందించింది.

"వారం దినాలుగా మాట్లాడటంల్యా సామీ. ఏం తప్పు చేసినానో ఏమో, అలిగింది. మొన్న గాలి తిరిగి పడవ బోర్లపడింది. వల గుంజ పట్టుకొని పొద్దెక్కిందాకా నీళ్లల్లోనే ఉన్న్యా."

పీర్ సాహెబ్ కళ్లు మూసుకుని ఫోన్ మీద మెల్లగా ఊది ఇచ్చారు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

పాకలో కూర్చుని చూస్తున్న ముజీబ్ ముఖం ఎర్రబడింది. అది అలగడం కాదనీ, ఆమె ఫోన్ పాతదనీ, దాంట్లో కొత్త గాలిమాట ఎక్కదనీ గురువుగారికి చెప్పాడు. ఆపేసే ముందు మూడుసార్లు తెర మీద ప్రకటన వేశానన్నాడు. కొత్తది ఎంతమంది ప్రాణాలు కాపాడుతుందో లెక్క చెప్పాడు. పాతదాని మీద మిగిలినవాళ్లు ఇరవైముగ్గురు. వాళ్ల కోసం మిగతా పద్దెనిమిది వందల మందికి కొత్తది ఆపమంటారా అని అడిగాడు.

పీర్ సాహెబ్ నీళ్లవైపు చూస్తూ ఉండిపోయారు.

సోమవారం తెల్లవారి సరస్సంతా పొగమంచు. ఒడ్డెక్కడో నీరెక్కడో తెలియడం లేదు. కొంగలు కనబడకుండానే రెక్కలు విదిలిస్తున్న చప్పుడు. ముజీబ్ తొమ్మిదేళ్లుగా వస్తున్నట్టే వచ్చి, సలాం చేసి, తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న పడమటి చాప మీద కూర్చున్నాడు. ఆ పూట తూర్పు వైపున ఇంకో చాప పరిచి ఉంది. అతిథుల కోసమనుకున్నాడు.

సలాంకి పీర్ సాహెబ్ పెదవులు కదిలాయి. ఆ తర్వాత ముజీబ్ ఏదడిగినా జవాబు లేదు. కోపంగా లేరు. ముఖం ఎప్పటిలా ప్రశాంతంగానే ఉంది. అతను కూర్చున్న చోట ఎవరూ లేనట్టు ఆయన చూపు అతన్ని దాటి తెల్లటి మంచులోకి వెళ్లిపోతోంది. మిగతా శిష్యులు వచ్చారు, తూర్పు చాప మీద కూర్చున్నారు. వాళ్లతో ఆయన నవ్వుతూ మాట్లాడారు.

మంగళవారమూ అంతే. ముజీబ్ ఇంటికెళ్లి తన తప్పులన్నీ తవ్వుకున్నాడు. ఆ రోజు గొంతు పెంచానా? ఎన్నడో తప్పిన నమాజుకా? అమ్మతో విసురుగా అన్న మాట ఈయనదాకా వచ్చిందా? బుధవారం నాటికి అన్నం సయించలేదు. చాప మీద కూర్చుంటే తను కూడా మంచులో ఒక ముక్కయి, ఎండ వస్తే విడిపోతాడేమోననిపించింది.

చివరికి వంటచేసే ఖాసిం చాచాని పక్కకి పిలిచి అడిగాడు. ఆయన గరిటె పట్టుకునే ఆశ్చర్యపోయాడు.

"నీకు తెలీదా? ఇకనుంచి మాట్లాడేవాళ్లు తూర్పు చాప మీద కూర్చోవాలంట. పడమటి చాపకి జవాబు ఉండదంట. రాయించి పెట్టారు కదా!"

తలుపు మీద, కుండల గూడు పక్కన, పాక గుంజకి, మూడు కాగితాలు. ముజీబ్ మూడు రోజులుగా వాటి పక్కనుంచే నడిచాడు. అందమైన చేతిరాత. ఉర్దూలో ఉంది. అతను చిన్నప్పటినుంచి తెలుగు బడిలో చదివాడు. ఉర్దూ మాట్లాడతాడు గానీ అక్షరం రాదు.

కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. పాకలోకి వచ్చాడు. తూర్పు చాప ఖాళీగానే ఉంది. అయినా అటు పోలేదు. వెళ్లి పడమటి చాప మీదే కూర్చుని తల దించుకున్నాడు.

పీర్ సాహెబ్ చేతికర్ర ఊతంగా లేచారు. నెమ్మదిగా నడిచి వచ్చి, అదే చాప మీద అతని పక్కన కూర్చున్నారు.

"మూడు చోట్ల రాయించాను బేటా."

ముజీబ్ తల ఊపాడు.

"ఈ మూడు రోజులూ నేను పలకలేదే, తప్పు ఎవరిదనుకున్నావు?"

"నాదేననుకున్నాను హజ్రత్."

"ఆమె కూడా తనదే అనుకుంది."

ముజీబ్ సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. ఆ పని పూర్తయ్యేదాకా ఆయన లేవలేదు. పాత గాలిమాట మళ్లీ పలకడం మొదలుపెట్టాక, అతను ఇరవైమూడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, మొదటి పేరు వెతుక్కుంటూ బయల్దేరాడు.

చెంగమ్మ పల్లెకి వెళ్లేసరికి ఆమె గుడిసె తడిక వేసి ఉంది. పొద్దున్నే నీళ్లలోకి పోయిందని పక్కింటామె చెప్పింది. మంచు ఇంకా విడలేదు. ముజీబ్ చెప్పులు విప్పి మోకాళ్లలోతు నీళ్లలోకి దిగాడు. ఎటు చూసి పిలవాలో తెలియలేదు.

"చెంగమ్మక్కా!"

మంచు అతని గొంతుని మింగేసింది. ఇంకోసారి పిలిచాడు. చెవులు రిక్కించి నిలబడ్డాడు.

చాలాసేపటికి, ఎక్కడో లోపల, పడవ తోసే గెడ నీళ్లలో పడిన చప్పుడైంది.

"ఆఁ... వస్తన్నా. ఎవురబ్బయా? ఆడనే ఉండు."

ముజీబ్ అక్కడే ఉన్నాడు.