అలిసిపోయానన్న గున్నమ్మ

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి ఒక ఒడ్డు, ఆ ఒడ్డుకి ఒక ఊరు. ఊరి పేరు గవ్వలపేట.

ఏటా చలి తగ్గే వేళకు సముద్రపు తాబేళ్లు ఆ ఇసుకలోకి వచ్చి, గుంట తవ్వి, గుడ్లు పెట్టి వెళ్లేవి. ఆ గుడ్లు కొన్ని కుక్కల పాలు, కొన్ని కాకుల పాలు, మిగిలినవి నక్క పాలు. ఏటికేడాది తాబేళ్లు తగ్గిపోతూ వచ్చాయి.

అది చూసి ముగ్గురు ముందుకొచ్చారు. వలలు బాగుచేసే ఎల్లాజి, తెడ్లు చెక్కే దానయ్య, ఎండుచేపలు అమ్ముకునే గున్నమ్మ. ఎవరూ పిలవలేదు, ఎవరూ కూలి ఇస్తామనలేదు. "గుడ్లకి మేం కాపలా ఉంటాం" అన్నారు. ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకుని, ఇళ్లకు పోయి పడుకుంది.

ఆ ఏడు వచ్చినవి మూడే తాబేళ్లు. అన్నిటికంటే చివర ఒక ముసలి తాబేలు వచ్చింది. గుడ్లు పెట్టి, ఆయాసపడుతూ ఇలా అంది: "బిడ్డలారా, నాకిక ఓపిక లేదు. ఇదే నా ఆఖరి కాన్పు. కన్నచోట కాచుకుని కూర్చోవడం మా జాతికి రాదు. మీరే దిక్కు."

"నువ్వు నిశ్చింతగా వెళ్లు తల్లీ" అంది గున్నమ్మ.

అనడం తేలికే. కాపలా తేలిక కాదు. గుంటల చుట్టూ కర్రలు పాతాలి, పాత వల కట్టాలి, కుక్కల్ని తరమాలి, తాబేలు పాకిన జాడ కనబడకుండా తాటాకుతో ఇసుక చదును చెయ్యాలి. చేసింది గాలి చెరిపేస్తుంది. మర్నాడు మళ్లీ మొదలు. వంతులు వేసుకున్నా ముగ్గురికీ నడుములు పడిపోయాయి.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పడవలు నీటి మీద ఉన్నంతసేపూ ఒడ్డున ఎవరూ "అలిసిపోయాను" అనకూడదు. అంటే ఆ మాట గాలిలో పోయి తెడ్డు వేసేవాళ్ల రెక్కల్లో చేరుతుందని భయం. పడవలు నీటి మీద లేని రోజు ఆ ఊళ్లో అరుదు. అందుకని అలిసిపోయినవాళ్లు బోలెడుమంది, ఆ మాట అన్నవాళ్లు మాత్రం లేరు. ఈ సంగతి నక్కకు తెలుసు.

ఒక తెల్లవారుజామున ఎల్లాజి దగ్గరికి వచ్చి కూర్చుంది. "మావా, అలిసిపోనావేటి?"

"నానా? అలిసిపోడమేటి! పో అవతలకి!"

నక్క పోలేదు. కాస్త దూరంగా ఓపిగ్గా కూర్చుంది. ఎల్లాజి కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి ఒక గుంట ఖాళీ. పాపం, సిగ్గుతో చచ్చిపోయాడు. గబగబా ఇసుక కప్పేసి, ఎవరికీ చెప్పలేదు.

మరొక రోజు మిట్టమధ్యాహ్నం. కాపలా దానయ్యది.

"బావా, అలిసిపోనావేటి?"

"నా వొంట్లో ఇనుముందే నక్కా!"

ఆ ఇనుము కాసేపటికే కర్రకి ఆనుకుని గురక పెట్టింది. ఇంకో గుంట ఖాళీ అయింది. దానయ్య కూడా ఇసుక కప్పేసి, నోరు మూసేసుకున్నాడు.

ఇక మిగిలింది ముసలి తాబేలు గుంట ఒక్కటే.

ఆ సాయంత్రం గున్నమ్మ వంతు. పొద్దుటినుంచి తట్ట మోసి వచ్చింది. కాళ్లు నిలవడం లేదు. నక్క వచ్చింది. "అప్పా, అలిసిపోనావేటి?"

గున్నమ్మ సముద్రం వైపు చూసింది. ఒక్కగానొక్క కొడుకు ఆ నీటి మీదే ఉన్నాడు. నోరు తెరిస్తే వాడికేమవుతుందో! తెరవకపోతే ఆ తల్లికిచ్చిన మాట ఏమవుతుంది? ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఊరి వైపు తిరిగి గొంతెత్తి అరిచింది.

"ఓరి ఎల్లాజీ! ఓరి దానయ్యా! నాను అలిసిపోనాన్రా! నిలబళ్లేకపోతన్నాను, రండ్రా!"

ఆ మాట వినగానే ఊళ్లో గుండెలు గుభేలుమన్నాయి. మొగుళ్లను చేపల వేటకు పంపిన ఆడవాళ్లంతా తిట్టుకుంటూ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. అంతమందిని చూసి నక్క తోక ముడిచింది.

"మా ఇంటోళ్లు నీటి మీదుంటే అంత మాటంతావేటే!" అని అందరూ గున్నమ్మ మీద పడ్డారు. అప్పుడు ఎల్లాజి తల దించుకుని ముందుకొచ్చాడు. "తిడితే నన్ను తిట్టండి. అలిసిపోనా సెప్పలేదు. నా కాపలాలో ఒక గుంట ఖాళీ అయిపోనాది." దానయ్య కూడా ఒప్పుకున్నాడు. ఒట్టి గుంటలు తవ్వి చూసి ఆడవాళ్లు గున్నమ్మను వదిలిపెట్టారు.

ఆ రాత్రి ఆ ఊళ్లో ఎవరికీ నిద్ర లేదు. తెల్లారి పడవలన్నీ క్షేమంగా వచ్చాయి. గున్నమ్మ కొడుకు కొర్లయ్య సంగతంతా విని పకపకా నవ్వాడు.

"ఓలమ్మా, పడవలో మేం రోజూ అంతాం కదే! అలిసిపోనానని ఒకడంతేనే కదా ఇంకొకడు తెడ్డందుకుంతాడు!"

ఊరు సిగ్గుపడింది. ఆ రోజునుంచి కాపలా ఊరందరిదీ అయింది. ఎవరు అలిసిపోతే వాళ్లు చెప్పేవారు, ఇంకొకరు వచ్చి నిలబడేవారు.

ఒక వేకువన ముసలి తాబేలు గుంటలో ఇసుక కదిలింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, పడుతూ లేస్తూ నీళ్లలోకి పోయాయి. ఊరంతా నిలబడి చూసింది.

గున్నమ్మ చూడలేదు. పడవ పక్కన ఒళ్లెరక్కుండా నిద్రపోతోంది. కొర్లయ్య లేపబోతే ఎల్లాజి చెయ్యి పట్టుకుని ఆపాడు.

కాబట్టి పిల్లలూ, అలిసిపోవడం తప్పు కాదు. ఆ మాట దాచి, నమ్మినవాళ్ల పని పాడుచేయడమే తప్పు.